ఎనిమిది మార్కుల దూరం

ఐఐటీ సీటు చేజారిన వారం ఆ ఇంట్లో అమ్మానాన్నలు ఎలా ఉండాలి? హనుమకొండ నుంచి ఒక తల్లి అనుభవం, ఆమెకు ఆలస్యంగా అర్థమైన లెక్కలు.

మృగశిర కార్తె వచ్చిందంటే తెలంగాణలో చేపలు వండని ఇల్లు తక్కువ. 2024 జూన్ 9, ఆదివారం. హనుమకొండలో మా వంటింట్లో చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి పెట్టాను. గిన్నెలో చింతపండు నానుతోంది. ఉదయం పదింటికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు. చూసుకున్నాక పులుసు పెడదాం, పిల్ల ఇష్టంగా తింటుంది అనుకున్నాను. సాయంత్రానికి ఆ ముక్కలు పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను.

మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. కుర్చీ వెనక మా ఆయన. నేను తడి చేతులతో వంటింటి గుమ్మంలో. తెర మీద మొత్తం మార్కులు కనిపించాయి: 360కి 101. కామన్ ర్యాంకు జాబితాలో పేరు ఉండాలంటే ఆ ఏడాది కనీసం 109 రావాలి. ఎనిమిది తక్కువ.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఇంతేనా?"

తిట్టలేదు. ఇంకేమీ అనలేదు. ఆ ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఏడాది గడిచాక ఒక రాత్రి బట్టలు మడతపెడుతూ మా అమ్మాయి చెప్పింది: "ఆ రోజు మార్కుల కంటే నువ్వన్న మాటే ఎక్కువ గుర్తున్నది మమ్మీ." అందుకే ఇది రాస్తున్నాను. ఏటా జూన్‌లో వేల ఇళ్ళలో అమ్మానాన్నలు అలాంటి తెర ముందు నిలబడతారు. పిల్లలు తెర చూశాక వెంటనే వెనక్కి తిరిగి మన మొహాలే చూస్తారు.

ఏడు రోజులు దాచుకుంది

అడ్వాన్స్‌డ్ రాసిన పిల్లలకు ఫలితం ఒక్కసారిగా మీద పడదు. ఆ ఏడాది పరీక్ష మే 26న జరిగింది. ఉదయం మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. జూన్ 2న ప్రాథమిక కీ వచ్చింది. పిల్లలు తాము గుర్తించిన జవాబులను కీతో పోల్చుకుని ఆ రాత్రికే మార్కులు లెక్కేసుకుంటారు. మా అమ్మాయీ లెక్కేసుకుంది. 101 అని ఆమెకు వారం ముందే తెలుసు. మాకు తెలియదు.

ఆ వారమంతా ఆశ వదలకపోవడానికి ఆమెకు కారణం ఉంది. అంతకుముందు ఏడాది, 2023లో, జాబితాకు 86 మార్కులు చాలాయి. 2022లో 55కే పేరు వచ్చింది. ఆ లెక్కన 101 సరిపోవాలి. కానీ ఈసారి పేపరు గత ఏడాది కంటే తేలిక, కటాఫ్ పెరుగుతుందని స్నేహితుల ఫోన్ గ్రూపుల్లో మాటలు. ఈ రెంటి మధ్య ఆ పిల్ల ఏడు రాత్రులు గడిపింది. ఆ ఏడు రోజుల్లో నేను ఏం చేశానో చెప్పాలి. చక్రాల సూట్‌కేసు కొన్నాను. ఆడపిల్లలకు ఏ ఊరి హాస్టల్ బాగుంటుందని మా అక్కతో గంటలు గంటలు మాట్లాడాను.

మా అత్తమ్మ కనిపెట్టింది. "పిల్ల సరిగ్గ తింటలేదు, ఏందో అడుగు" అని రెండుసార్లు అన్నది. "ఎండలకు అట్లనే ఉంటది అత్తమ్మా" అని నేనే కొట్టేశాను.

ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే మా అమ్మాయి ఇచ్చిన జవాబు: "మీరు మస్తు సంతోషంగ ఉన్నరు."

పదిహేడేళ్ళ పిల్ల తన దుఃఖాన్ని పక్కనపెట్టి మా సంతోషాన్ని కాపాడింది. ఆ వారం పిల్లను కాపాడాల్సింది మేము.

101 మార్కుల విలువ

లెక్కలు మేము ముందే తెలుసుకొని ఉండాల్సింది. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు 14 లక్షల పైచిలుకు. అందులోంచి అడ్వాన్స్‌డ్‌కు అర్హత దక్కేది మొదటి రెండున్నర లక్షల మందికే. ఆ ఏడాది రెండు పేపర్లూ రాసినవాళ్ళు 1,80,200 మంది. అర్హుల జాబితాలో చేరింది 48,248 మంది, వాళ్ళలో అమ్మాయిలు 7,964. దేశంలోని 23 ఐఐటీలన్నిటిలో కలిపి సీట్లు 17,740.

అర్హుల అంకె, సీట్ల అంకె ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. పరీక్ష గట్టెక్కామని ఇంట్లో మిఠాయిలు పంచుకున్నవాళ్ళలోనే 30 వేల మందికి పైగా ఐఐటీ సీటు లేదు. మా వీధిలో ఒక సర్కారు టీచర్ గారి అబ్బాయి ఆ జాబితాలో ఉన్నాడు. బంధువులందరికీ ఫోన్లు వెళ్ళాయి, కాలనీ సంఘం శాలువా కప్పింది. జూన్ 20న, సీట్లు కేటాయించే జోసా మొదటి రౌండు జాబితా ప్రకటించింది. రాలేదు. రెండో రౌండులో వస్తుందన్నారు. మూడో రౌండు. జులై 17న ఐదో రౌండుతో అయిపోయింది. ఆ ఇంటి బాధ మా బాధ కంటే చెడ్డది. మాది ఒక్క పూటలో తేలింది. వాళ్ళు నెల్లాళ్ళు రౌండు రౌండుకూ కూలిపోయారు. ఆ శాలువా కప్పకుండా ఉంటే ఆ పిల్లవాడికి కొంతైనా ఊపిరాడేది.

ఇంకో అంకె కూడా నన్ను వదలడం లేదు. 2025లో కామన్ జాబితాకు కావలసినవి 74 మార్కులు. అంటే మా అమ్మాయికి వచ్చిన 101 మార్కులు 2022లో వచ్చి ఉంటే జాబితాలో పేరు. 2023లోనూ పేరు. 2025లోనూ పేరు. ఒక్క 2024లో లేదు. పేరు ఉన్నంత మాత్రాన సీటు వచ్చేదని నేను అనను, రాకపోయేదే. ఏడేళ్ళ చదువుకు మేము కట్టిన విలువ మాత్రం ఆ ఒక్క ఏడాది గీతను పట్టుకునే కట్టాం. పేపరు తేలికైతే ఆ గీత పైకి జరుగుతుంది, కష్టమైతే కిందికి దిగుతుంది. పిల్ల తెలివి ఏడాదికేడాది అలా పెరిగి తరిగేది కాదు కదా.

పదో తరగతిలో పదికి పది జీపీఏ, ఇంటర్‌లో వెయ్యికి 970 చూసిన కళ్ళకు 360కి 101 అంటే ఫెయిల్ లాగే కనిపిస్తుంది. ఈ పరీక్ష తీరే వేరు. రాసినవాళ్ళలో ఎక్కువమంది సగం మార్కులు కూడా చేరరు. దేశం నలుమూలల నుంచి వడపోసి తెచ్చిన పిల్లలను మళ్ళీ వడపోయడానికి పెట్టిన పేపరు అది. మా అమ్మాయి పధ్నాలుగు లక్షల మందిలో మొదటి రెండున్నర లక్షల్లోకి వచ్చింది. ఆ సంగతి ఆ ఆదివారం మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

కల ఎవరిది?

ఈ కల మా ఇంట్లో ఎప్పుడు పుట్టిందని వెతికితే, మా అమ్మాయి కంటే వయసులో పెద్దది. చుక్కా రామయ్య గారు 1985లో హైదరాబాద్ నల్లకుంటలో ఐఐటీ కోచింగ్ మొదలుపెట్టారు. అందులో చేరడానికే ఒక ప్రవేశ పరీక్ష ఉండేది. ఆ పరీక్షకు తయారు చేయడానికి మళ్ళీ వేరే కోచింగులు. మా ఆయన ముప్పై ఏళ్ళ కింద ఆ పరీక్ష రాశారు, దక్కలేదు. అప్పట్లో ఐఐటీ అన్నది ఊరికి ఒకరిద్దరు కనే కల. తర్వాత జిల్లా కేంద్రాలకు పాకింది, ఇప్పుడు మండలాల్లో ఆరో తరగతి గది తలుపు మీద కూడా 'ఐఐటీ ఫౌండేషన్' అని బోర్డు ఉంటోంది. మా అమ్మాయి ఆరో తరగతి లెక్కల్లో ఫస్టు వచ్చిన ఏడాదే ఆయన ఆమెను అలాంటి బోర్డున్న బడికి మార్చారు. నాకూ గర్వంగానే అనిపించింది. పిల్లను అడిగామా? అడిగినట్టు గుర్తులేదు.

ఇంటర్ రెండేళ్ళు హైదరాబాద్‌లో రెసిడెన్షియల్ కాలేజీ. పొద్దున ఐదున్నరకు లేవాలి, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. వారం వారం టెస్టు, నెలకోసారి ఔటింగ్. మేము సకినాలు, మామిడికాయ పచ్చడి మోసుకెళ్ళేవాళ్ళం. చెట్టు కింద కూర్చుని తినేది, మాట్లాడటం తక్కువ. మొదటి ఏడాది దసరాకు ముందు ఒకసారి వార్డెన్ ఫోన్ నుంచి మాట్లాడింది: "సెక్షన్ మార్చిన్రు మమ్మీ. కింది సెక్షన్ల ఏసిన్రు." వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గితే అక్కడ సెక్షన్ మారుస్తారు, మంచి లెక్చరర్లు పై సెక్షన్లకే వెళ్తారు. "కష్టపడి మళ్ళ పైకి రా బిడ్డా" అన్నాను. ఆ మాటతో ఆ ఫోన్ పెట్టేసిన పిల్ల ఆ రాత్రి ఎలా పడుకుందో ఇప్పుడు ఊహించుకుంటాను.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయొద్దు, అందరి ముందు అవమానించొద్దు, తాహతుకు మించిన లక్ష్యాలు పెట్టొద్దు అని అందులో ఉంది. మా అమ్మాయికి అది ఆలస్యం. మీ పిల్లలు చదివే చోట అమలవుతోందో లేదో మీరు అడగవచ్చు. అడగండి. ఫీజు కడుతున్నవాళ్ళం, అడిగే హక్కు మనకుంది.

రసీదుల ఫైలు

ఫలితాల మర్నాటి రాత్రి. మా ఆయన హాల్లో లైటు వేసుకుని ఒక ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. రెండేళ్ళ ఫీజులు, హాస్టల్, మెటీరియల్, టెస్ట్ సిరీస్ రసీదులన్నీ అందులో ఉన్నాయి. మొత్తం నాలుగు లక్షలు దాటింది. కొంత నా గాజులు కుదువపెట్టి తెచ్చింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. డబ్బు గురించి మా అమ్మాయి ముందు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఊరికే కాగితాలు తిప్పుతున్నారు, అంతే. అర్ధరాత్రి మంచినీళ్ళకు లేచిన పిల్ల అది చూసింది.

పొద్దున నా దగ్గరికి వచ్చి, "నాకు నౌకరి వచ్చినంక నీ గాజులు నేనే విడిపిస్త మమ్మీ" అన్నది. ఆ రోజంతా మంచం దిగలేదు. సాయంత్రం, "నేను లేకుంటే మీకింత ఖర్చు ఉండకపోతుండె" అన్నది.

ఆ మాటకు నా ఒళ్ళు చల్లబడింది. ఇలాంటి మాట పిల్లల నోట వస్తే పెద్దలు ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు. చేతిలో ఉన్నది ఫోను. 14416కు చేశాను. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రం. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అవతల ఉన్నామె నన్ను ముందు ఊపిరి పీల్చుకోమన్నది. తర్వాత చెప్పినవి నేను ఒక కాగితం మీద రాసుకున్నాను, ఇప్పటికీ ఉంది. పిల్లను ఒంటరిగా ఉంచొద్దు. రాత్రి పక్కనే పడుకోవాలి. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో గమనించాలి. ఇష్టమైన వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తోందా, అందరికీ వీడ్కోలులాంటి మాటలు చెబుతోందా చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, మనసులో చచ్చిపోవాలనే ఆలోచన ఉందా అని సూటిగా, మెల్లగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నేను భయపడ్డాను. అలా పుట్టదు, అడిగితే వాళ్ళకు బరువు దిగుతుంది అని ఆమె చెప్పింది. వైద్యులూ ఇదే చెబుతారు.

అడిగాను. లైటు ఆర్పి, పక్కన పడుకుని, చెయ్యి పట్టుకుని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడ్చింది. "లేదు మమ్మీ, మాయమైపోతే మంచిగుండు అనిపిస్తుంది గంతే" అన్నది. మర్నాడే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. మూడుసార్లు వెళ్ళాం. ఊళ్ళో ఎవరైనా చూస్తారని మొదటిసారి నేను ముసుగు కట్టుకున్నాను. రెండోసారి కట్టుకోలేదు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పరీక్షే కారణమని అందరి గురించీ అనలేం. ప్రతి ఇంట్లోనూ వినాల్సిన మాట ఒకటి ఎక్కడో వినపడకుండా పోయి ఉంటుందని మాత్రం అనిపిస్తుంది. మేమూ పోగొట్టుకోబోయాం, అత్తమ్మ చెప్పినా వినకుండా.

చెరువు కట్ట మీద

మా ఆయనది వేరే బాధ. ఆయన తెల్లారగట్ల లేచి భద్రకాళి చెరువు బండ్ మీదికి వెళ్ళి నడిచి వచ్చేవారు. కళ్ళు ఎర్రగా ఉండేవి. నాలుగో రోజు నేనూ వెనక వెళ్ళాను. "నాకు రానిది దానికి రావాలనుకున్న" అన్నారు. అంతే. ముప్పై ఏళ్ళుగా నల్లకుంట పరీక్ష ఆయనలో అలాగే ఉంది. నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఈ కథనంలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదొక్కటే. సీటు రాని బాధ పిల్లలకు ఉంటుంది, మనకూ ఉంటుంది, ఈ రెండూ వేర్వేరు. మన బాధ అబద్ధం కాదు. ఏళ్ళు పోశాం, నగలు పెట్టాం, పండుగలు మానుకున్నాం. ఏడవాలి కూడా. కానీ దాన్ని మోయాల్సింది మనమే. మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు చెప్పుకోవాలి, అన్నకో అక్కకో చెప్పుకోవాలి, చెరువు కట్ట మీద నడుస్తూ ఏడ్చుకోవాలి. పిల్లల ముందు రసీదుల ఫైలు విప్పకూడదు. నాలా "ఇంతేనా" అనకూడదు. మూడు రోజులు మాట్లాడకుండా ఉండటం కూడా తిట్టడమే అని ఆ డాక్టర్ గారు మా ఆయనతో అన్నారు.

వారం తర్వాత ఆయన మా అమ్మాయిని కూడా బండ్ మీదికి తీసుకెళ్ళారు. "నాకు ఐఐటీ కాదు బిడ్డా, నల్లకుంట కోచింగ్‌లనే రాలే" అని చెప్పారట. పిల్ల ఆగిపోయి, "మరి తాత ఏమన్నడు?" అని అడిగిందట.

"ఏమనలే. రేపు నాట్లున్నయి, పొలం కాడికి రా అన్నడు."

తండ్రీ కూతుళ్ళిద్దరూ నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. ఎనిమిది రోజుల తర్వాత మా ఇంట్లో నవ్వు వినపడింది. మా మామయ్య గారు పెద్దగా చదువుకోలేదు. కొడుకుకు సీటు రాలేదన్న రోజు ఆయన చేసినంత మంచి పని మేమిద్దరం డిగ్రీలు ఉండీ చేయలేకపోయాం. రేపు ఇంట్లో పని ఉంది, ఆ పనికి నువ్వు కావాలి అని చెప్పారు.

నాదెళ్ళ వారింట్లో

ఇలాంటప్పుడు అందరూ చెప్పే పేరు సత్య నాదెళ్ళ. ఫలితం వచ్చిన సాయంత్రమే మాకు నలుగురు చెప్పారు: మైక్రోసాఫ్ట్ సీఈఓకు కూడా ఐఐటీ రాలేదు కదా అని. నిజమే, ఐఐటీ ప్రవేశ పరీక్షలో తాను నెగ్గలేదని ఆయనే 2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో రాసుకున్నారు. మెస్రా బీఐటీలో మెకానికల్, మణిపాల్‌లో ఎలక్ట్రికల్ రెండూ దొరికితే మణిపాల్ వెళ్ళారు. కానీ ఏడుస్తున్న పిల్లకు ఈ కథ పనికిరాదు. మా అమ్మాయి గది తలుపేసుకుంది. ఐఐటీ పోతే పోయింది, ఇక మైక్రోసాఫ్ట్ సీఈఓ కావాలా అన్నట్టు వినపడుతుంది అది. ఒక కొండ దిగకముందే ఇంకో కొండ చూపించడం.

ఆ కథలో అమ్మానాన్నలకు పనికొచ్చే మనిషి ఇంకొకరున్నారు, ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్. 1962 బ్యాచ్ ఐఏఎస్ అధికారి. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు ఆ కార్యాలయంలో పనిచేశారు, తర్వాత ప్రణాళికా సంఘం సభ్యులయ్యారు. రాసిన ప్రతి పరీక్షలోనూ నెగ్గిన మనిషి. కొడుకు ఐఐటీ పరీక్ష తప్పితే ఆయన చిరాకు పడలేదనీ, సరదాగానే తీసుకున్నారనీ నాదెళ్ళ రాశారు. అప్పటికి ఆ కుర్రాడు ఏమవుతాడో ఆయనకు తెలియదు. బ్యాంకు ఉద్యోగం, హైదరాబాద్ జట్టుకు క్రికెట్, ఇవీ ఆ వయసులో కొడుకు కోరికలు. సీఈఓ అవుతాడని తెలిసి ఆయన స్థిమితంగా ఉండలేదు. ఏమీ తెలియకుండానే ఉన్నారు. పిల్లలకు నాదెళ్ళ కథ చెప్పే ముందు మనం యుగంధర్ గారి కథ విందాం.

లాంగ్ టర్మ్

అందరూ అడిగే ప్రశ్న: లాంగ్ టర్మ్‌కు పంపుతున్నారా? అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయనిస్తారు. 2024 నవంబర్‌లో మూడుసార్లు రాయవచ్చని ప్రకటించి రెండు వారాల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఇంకో ఏడాది చదివించాలని నాకు ఉంది. ఎనిమిది మార్కులే కదా. మా ఆయనకూ లోపల అదే ఉంది. మా అమ్మాయి వద్దన్నది. రెండు రోజులు మా ఇంట్లో దాని మీద గొడవ.

లాంగ్ టర్మ్ తప్పని నేను అనను. మళ్ళీ రాసి సీటు తెచ్చుకున్న పిల్లలు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళు తామే అడిగి వెళ్ళారు, తేడా అదే. ఫలితం వచ్చిన వారంలోనే అడ్వాన్సు కడితే ఆఫర్ ఉందని కోచింగ్ సెంటర్ల నుంచి ఫోన్లు వస్తాయి. ఆ వారం ఏ సంతకమూ పెట్టకండి. పిల్ల బాగా నిద్రపోవడం మొదలయ్యాక అడగండి.

మాకు దొరికింది ఎంసెట్ దారి, ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు. కంప్యూటర్ సైన్స్ కావాలని మేము, సివిల్ కావాలని తను. చివరికి హైదరాబాద్ జేఎన్‌టీయూలో సివిల్ తీసుకుంది. ఎందుకు సివిల్ అని అడిగితే ఆరో తరగతి నుంచి దాచుకున్న జవాబు చెప్పింది, అది ఆమె సొంత విషయం, ఇక్కడ రాయను. మేము ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఐఐటీ తలుపు అక్కడితో మూసుకుపోదు. డిగ్రీ తర్వాత గేట్ రాసి ఎంటెక్‌కు, సైన్స్ చదివినవాళ్ళు జామ్ రాసి ఎమ్మెస్సీకి వెళ్ళవచ్చు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ ర్యాంకే అక్కర్లేదు. ఇవన్నీ పిల్లలకు తెలియాలి. తెలియజేసి వదిలేయాలి. ఎలాగైనా ఆ ముద్ర పడాలని మళ్ళీ మనమే వెంటపడితే పాత బాకీ కొత్త వడ్డీతో మొదలైనట్టే.

మా ఊళ్ళోనే ఎన్‌ఐటీ ఉంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ, మా అత్తమ్మ ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే అంటుంది. మా అమ్మాయి చిన్నప్పుడు స్కూలు ఆటోలో రోజూ ఆ గేటు ముందు నుంచే వెళ్ళేది. ఆ జూన్‌లో కాజీపేట వెళ్ళాల్సి వస్తే ఆటోవాళ్ళకు వేరే దారి చెప్పేది. ఆగస్టు దాకా అంతే. మేము ఏమీ అనలేదు.

ఒకటి, ఒకటి, ఒకటి

ఫలితాల మర్నాడు తెలుగు పత్రికల మొదటి పేజీలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. నవ్వుతున్న పిల్లల ఫోటోలు, పక్కన పెద్ద అంకెలు. టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి అని అరుపులు. ఆ సోమవారం పేపరు మా అత్తమ్మ తీసి బియ్యం డబ్బా కింద పెట్టేసింది. ఆ ఫోటోల్లోని పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్ళు కష్టపడ్డారు. అదే కాలేజీలో, అదే మెస్‌లో తిని, అదే ఫీజు కట్టిన వేలమంది ఆ పేజీలో ఎక్కడా ఉండరు. ర్యాంకరు ఫోటో వాడాలంటే ఫలితం వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, ఆ పిల్ల ఏ కోర్సు చదివిందో ప్రకటనలోనే చెప్పాలి అని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో నిబంధనలు తెచ్చింది. పదహారేళ్ళు నిండనివాళ్ళను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని, ర్యాంకు గ్యారంటీలు ఇవ్వొద్దని విద్యాశాఖ అదే ఏడాది జనవరిలోనే చెప్పింది. ఆరో తరగతి బోర్డులు మాత్రం ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. వాటి కింద పిల్లల్ని దించి వచ్చేది మనమే.

మా ఆడపడుచు కాలిఫోర్నియాలో ఉంటుంది. వాళ్ళ అబ్బాయికి స్టాన్‌ఫర్డ్ రాలేదు. అక్కడ మార్చి నెలాఖరు మన జూన్ లాంటిది. పిల్లవాడు ఒక్కడే కంప్యూటర్ తెరిచి చూసుకుంటాడు. ఎన్ని మార్కులు తగ్గాయో, ఎక్కడ తప్పు జరిగిందో ఏమీ ఉండదు, మర్యాదగా రాసిన ఒక ఉత్తరం ఉంటుంది. నూటికి నలుగురికి సీటు దొరికే చోట అది. "ఎనిమిది మార్కులని మీకైనా తెలిసింది వదినా, మావాడు తనలోనే ఏదో లోపం ఉందని ఆరు నెలలు వెతుక్కున్నడు" అన్నది. వాడికి వయొలిన్ నేర్పించింది, వృద్ధాశ్రమంలో సేవకు పంపింది, అన్నీ ఆ దరఖాస్తు కోసమే. ఇప్పుడు వాడు వయొలిన్ పెట్టె తెరవడం లేదట. సముద్రం దాటినా తల్లిదండ్రులం మనమే కదా, అదే బరువు తీసుకెళ్ళాం.

మా అమ్మాయి ఇప్పుడు సర్వే ప్రాక్టికల్స్‌లో ఎండకు నల్లబడి సెలవులకు వస్తుంది. ఒక సబ్జెక్టులో బ్యాక్‌లాగ్ ఉందని మొన్న తనే చెప్పింది, రాత్రి అన్నం తింటూ, ఏడు రోజులు దాచకుండా. ఈసారి నేను "ఇంకొంచెం పప్పు వేసుకో" అన్నాను.

వచ్చే జూన్‌లో మీ బంధువుల ఇంట్లో అడ్వాన్స్‌డ్ రాసిన పిల్లలుంటే, ఫలితాల రోజు దయచేసి ఫోన్ చేయకండి. నాలుగు రోజులాగి ఇంటికి వెళ్ళండి. ర్యాంకు సంగతి ఆ పిల్లలు ఎత్తితేనే మాట్లాడండి. మీ సొంత ఇంట్లోనే అలాంటి పిల్లలుంటే 14416 నంబరును ఇవాళే ఫోనులో ఎక్కించుకోండి.